నీటితో చల్లబఱచు కంప్యూటరు

మన విజయవాడ వేసవి యెట్టిదో ఈ పత్రిక చదువరులకు వర్ణించి చెప్పనక్కఱలేదు. “రోహిణికార్తెలో రోళ్లు పగులును” అను మాట యితర ప్రాంతములవారికి సామెత, మనకు అనుభవము. ఆ దినములలో మనుష్యులు నీడకు చేరుదురు. గేదెలు కాలువలో దిగి ముట్టెమాత్రము పైకెత్తి యుండును. కాని మన యిండ్లయందును అంగళ్లయందును ఉన్న కంప్యూటరులు ఎక్కడికి పోగలవు? అవి యున్నచోటనే యుండి పనిచేయవలయును. పని హెచ్చినకొలదిని వాటి లోపలి వేడియు హెచ్చును. బయటి యెండ దానికి తోడగును.

గేదె యుపాయమే కంప్యూటరునకును పనికివచ్చును. భేద మొక్కటే: గేదె నీటిలోనికి దిగును, కంప్యూటరునందు నీరే లోపలికి రావలయును. విద్యుత్తున్నచోటికి నీటిని తెచ్చుట సాహసమువలె తోచవచ్చును. జాగ్రత్తతో చేసిన అది సాహసము కాదు. గత వేసవిలో నా మేనల్లుని కంప్యూటరునకు గట్టి గొట్టములతో ఇట్టి యేర్పాటును మే మిద్దఱము మా చేతులతో అమర్చితిమి. అందు నేర్చినదానిని, చేసిన పొరబాట్లతోకూడ, విద్యార్థులకు తెలుపుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

మేనల్లుని యిబ్బంది

నా మేనల్లుడు సత్యనారాయణపురమున ఒక మేడగదిలో పెండ్లి వీడియోలు కూర్చు పని చేయుచున్నాడు. అప్పు తెచ్చి మంచి కంప్యూటరు కొనినాడు. చలికాలమున దానికి ఏ లోపమును లేదు. వైశాఖమాసపు ముహూర్తములు వచ్చునప్పటికి కష్టములు మొదలయ్యెను. చలికాలమున 4 గంటలలో ముగియు పని 7 గంటలు పట్టసాగెను. ఒక్కొక్కప్పుడు యంత్రము నడుమనే ఆగిపోయి, చేసినపని వ్యర్థమగుచుండెను. పెండ్లికూతురి తండ్రి ఫోను చేయును. ఇతడు ఏదో యొక సాకు చెప్పును. “మామయ్యా, యంత్రము చెడిపోయినదేమో, క్రొత్తది కొనవలసి వచ్చునేమో” యని నాయొద్ద విచారపడెను.

యంత్రము చెడిపోలేదు. అది తన్ను తాను కాపాడుకొనుచుండెను. నేటి ప్రాసెసరులు సుమారు 95 మొదలు 100 డిగ్రీల వేడికి చేరగానే తమ వేగమును తామే తగ్గించుకొనును. అప్పటికిని వేడి తగ్గనిచో యంత్రము తనంతట తానే ఆగిపోవును. జ్వరము వచ్చినవాడు పండుకొనుట యెట్టిదో ఇదియు నట్టిదే.

వేడి యెక్కడినుండి వచ్చును?

ప్రాసెసరు అనగా ఇంచుమించు వ్రేలిగోరంత సిలికాను పలక. దానియందు కంటికి కనబడని ట్రాన్సిస్టరులు వందలకోట్లు కలవు. అవి తెఱచుకొనుచు మూసికొనుచు నుండును. అట్లు చేయు ప్రతిసారియు కొంత విద్యుచ్ఛక్తి వేడిగా మాఱును. శక్తి నశింపదనియు, రూపమును మాత్రమే మార్చుకొనుననియు మీరు పాఠములలో చదివియున్నారు. కంప్యూటరు లెక్కలు చేసి చిత్రములు చూపినను, అది పుచ్చుకొనిన విద్యుత్తు తుదకు వేడియై గదిలోనికే వచ్చును.

ఇస్త్రీపెట్టె సాధారణముగ 750 వాట్లు మొదలు 1,000 వాట్ల వఱకు విద్యుత్తు తీసికొనును. దాని అడుగు అరచేతికంటె వెడల్పు. బలమైన ప్రాసెసరు ఒక్కటి 150 మొదలు 250 వాట్లను, చిత్రములు కూర్చు గ్రాఫిక్స్ కార్డు 300 వాట్లను, కొన్ని యంతకు మించియు తీసికొనును. అనగా ఇస్త్రీపెట్టె వేడిలో సగమునకు పైగా రెండు చిన్న పలకలనుండి పుట్టుచున్నది. దానిని వెనువెంటనే అక్కడినుండి తీసివేయవలయును.

సాధారణమైన కంప్యూటరులలో ఈ పనిని రాగి గొట్టములును, సన్నని అల్యూమినియము రేకులును, ఒక ఫ్యానును చేయును. పాఠశాల పనికి, ఉత్తరములు వ్రాయుటకు, లెక్కలకు అది చాలును. నీటి యేర్పాటు అందఱికి అవసరమని యెవరును భ్రమపడరాదు. దాని వ్యయము ఫ్యానుకంటె అనేక రెట్లు.

నీటి గొప్పతనము

ఒక లీటరు నీటిని ఒక్క డిగ్రీ వేడిచేయుటకు సుమారు 4,186 జౌళ్ల శక్తి కావలయును. ఒక లీటరు గాలికి సుమారు 1.2 జౌళ్లు చాలును. అనగా సమానమైన చోటులో నీరు గాలికంటె దాదాపు 3,500 రెట్లు వేడిని మోయగలదు. అందుచేత పెద్ద ఫ్యానుల గాలి చేయవలసిన పనిని వ్రేలిలావు గొట్టములో పాఱు నీరు నిశ్శబ్దముగ చేయగలదు.

దీనికి గొప్ప నిదర్శనము మన యూరి ప్రక్కనే కలదు. ఇబ్రహీంపట్నమునందలి డాక్టరు నార్ల తాతారావు థర్మల్ విద్యుత్కేంద్రమున 1979వ సంవత్సరమున మొదటి యంత్రము పనిచేయ నారంభించెను. బొగ్గు మండించి నీటిని ఆవిరి చేయుదురు; ఆవిరి చక్రములను త్రిప్పును. పని ముగిసిన ఆవిరిని మరల నీరుగా మార్చుటకు దానిని చల్లబఱపవలయును. అందులకై 1957లో పూర్తియైన ప్రకాశము బ్యారేజీచే నిలిచిన కృష్ణనీటిని తెచ్చి, వేలకొలది సన్నని గొట్టములలో పాఱింతురు. ఆవిరి ఆ గొట్టముల వెలుపలనే తగిలి నీరగును. నదినీరును ఆవిరియు కలియవు. గొట్టపు గోడగుండ వేడిమాత్రము దాటును. కంప్యూటరులోని యేర్పాటునకును ఇదియే సూత్రము. అక్కడ నది, ఇక్కడ ఒక లీటరు నీరు, అంతియే భేదము.

నీరు వేడిని చంపదు, మోయును

ఇచ్చట విద్యార్థులు ఒక్క విషయమును గట్టిగా గుర్తుంచుకొనవలయును. నీరు వేడిని నాశనము చేయదు. బరువు మోయు కూలివానివలె ఒకచోట ఎత్తుకొని మఱియొకచోట దింపును. దింపుటకు చోటు లేనిచో ఏమగునో లెక్కవేసి చూడుడు. మా యేర్పాటులో నీరు ఒక లీటరు. యంత్రపు వేడి 500 వాట్లు, అనగా సెకనుకు 500 జౌళ్లు. దింపుడుచోటు లేనిచో ఆ నీరు నిమిషమునకు 7 డిగ్రీల చొప్పున వేడెక్కును. 40 డిగ్రీల నీరు మూడు నిమిషములలోపుగనే 60 డిగ్రీలగును.

కావున నీరు మోసిన వేడిని ఎక్కడ దింపుదుమనునదే ముఖ్యమైన ప్రశ్న. దానికి మూడు మార్గములు కలవు. మొదటిది నది మార్గము: వేడెక్కిన నీటిని విడిచి క్రొత్తనీటిని తెచ్చుకొనుట. రెండవది మట్టికుండ మార్గము: కొంత నీటిని ఆవిరిగా పోనిచ్చి మిగిలినదానిని చల్లబఱచుట. విద్యుత్కేంద్రములలో కనబడు నడుము సన్నని పెద్ద బురుజులు ఈ పనియే చేయును. మూడవది లారీ మార్గము: మూసిన గొట్టములలోని నీటిని రేడియేటరునకు పంపి, దాని రేకులమీద గాలి వీచునట్లు చేయుట. ఇంటి కంప్యూటరునకు మూడవదే తగినది. ఏలయన నీరు చెమ్మగాగాని ఆవిరిగాగాని విద్యుత్పరికరములకు తగులరాదు.

మూడవ మార్గమునకు ఒక హద్దు కలదు. మట్టికుండలోని నీరు గదిగాలికంటె చల్లగా నుండును. రేడియేటరులోని నీరు ఎన్నటికిని గదిగాలికంటె చల్లన కాజాలదు. ఈ హద్దు మాకు తరువాత ఎట్లు పాఠము నేర్పినదో చెప్పెదను.

పూర్వవృత్తాంతము

కంప్యూటరులను నీటిచే చల్లబఱచుట క్రొత్త యూహ కాదు. అమెరికాలోని ఐ.బి.ఎం. సంఘమువారు 1980లో ప్రకటించిన 3081 అను పెద్ద కంప్యూటరునందు చల్లని నీరు ప్రవహించుచుండెను. 1985లో వెలువడిన క్రే-2 అను మహాయంత్రమును విద్యుత్తు పాఱని యొక ప్రత్యేక ద్రవములోనే ముంచియుంచిరి. 1990లలో తక్కువ విద్యుత్తు తీసికొను క్రొత్తరకపు పలకలు రాగా కొంతకాలము నీటి యవసరము తగ్గెను. పిమ్మట వేగమును వేడియు మరల పెరిగి నీరు మరల వచ్చెను. జర్మనీలోని మ్యూనిచ్ నగరమునకు సమీపమున 2012లో నెలకొల్పిన సూపర్‌మక్ యంత్రమును సుమారు 40 డిగ్రీల నీటితోనే చల్లబఱచిరి. 90 డిగ్రీల పలకకు 40 డిగ్రీల నీరును చల్లనిదే గదా!

ఇండ్లలో ఈ పని మొదట చేసినవారు ఉత్సాహవంతులైన యువకులు. వారు మోటారుకారుల రేడియేటరులను, చేపలతొట్టె పంపులను తెచ్చి కూర్చుకొనెడివారు. ఇప్పుడు ఈ పనికై చేసిన పరికరములు మన దేశమునందును దొరకును.

అంగములు

ఈ యేర్పాటునందు ముఖ్యాంగములు ఆఱు. మొదటిది ప్రాసెసరుమీదను గ్రాఫిక్స్ కార్డుమీదను కూర్చుండు రాగి దిమ్మె. దానిలోపల వెండ్రుకలవంటి సన్నని కాలువలు చెక్కబడియుండును. దీనిని వాటర్ బ్లాకు అందురు. రెండవది నీటిని త్రిప్పు పంపు. మూడవది నీటితొట్టె. నాలుగవది రేడియేటరు, దాని ఫ్యానులతో. ఐదవది గొట్టములు. ఆఱవది గొట్టములను అంగములకు కలుపు ఫిట్టింగులు. వీటిలోపల రబ్బరు ఉంగరములుండి నీటిని కాఱనీయవు.

తొట్టె పంపునకు పైన నుండవలయును. పంపులోని తిరుగుడుభాగములకు నీరే నూనె. నీరు లేక ఒక్క నిమిషము తిరిగినను అది చెడిపోవచ్చును.

నీరు ముందు ప్రాసెసరునకు పోవలయునా, గ్రాఫిక్స్ కార్డునకు పోవలయునా యని మే మిద్దఱము చాలసేపు వాదించుకొంటిమి. మన డెల్టాలో కాలువ మొదట నున్న పొలమునకు నీరు నిండుగ వచ్చును. శివారు పొలమునకు కొఱత. ఇందును అట్లే యగునని నా మేనల్లుని భయము. కాని మూసిన చుట్టులో శివారు లేదు. ఎక్కడ కొలిచినను ప్రవాహ మొక్కటే. నిమిషమునకు 4 లీటర్లు తిరిగినచో 500 వాట్ల వేడిచే నీరు ఒక్క చుట్టులో పెరుగునది 2 డిగ్రీలకు లోపే. కావున వరుస యేదైనను నష్టము లేదు; గొట్టములు పొట్టిగాను చక్కగాను వచ్చు వరుసయే మంచిది.

లోహముల విషయమున మాత్రము జాగ్రత్త కావలయును. ఒకే నీటిలో రాగియు అల్యూమినియమును చేరినచో వాటినడుమ చిన్న బ్యాటరీ యేర్పడి అల్యూమినియము క్రమముగ తినబడును. కావున రాగి దిమ్మెకు రాగి లేక ఇత్తడి రేడియేటరునే కొనవలయును. నీరు కొళాయినీరు కారాదు. అందలి లవణములు సన్నని కాలువలలో పేరుకొనును. స్వేదనజలమునందు పాచిని, త్రుప్పును నివారించు మందులు కలిపి వాడవలయును. స్వేదనజలము విద్యుత్తును దాదాపు పాఱనీయదుగదా, కాఱినను భయమేమని యనుకొనరాదు. అది లోహములను, దుమ్మును తాకిన కొలదికాలమునకే విద్యుత్తును పాఱనిచ్చునదగును.

గట్టి గొట్టములేల?

మెత్తని రబ్బరువంటి గొట్టములతో ఈ పని చాల సులభము. గట్టి గొట్టములచే ఒక్క డిగ్రీయైనను అదనపు చల్లదనము రాదు. ఈ నిజమును ముందే చెప్పుట న్యాయము. వాటి లాభములు వేఱు. కొన్ని మెత్తని గొట్టములనుండి కాలక్రమమున జిడ్డువంటి పదార్థ మూరి నీటిని మసకచేయును. గట్టివాటిలో ఆ దోషము లేదు. అవి పెట్టినచోటనే కదలక నిలుచును. చూచుటకు అందముగ నుండును. దుకాణమునకు వచ్చువారు అద్దములోనుండి చూచి మెచ్చుకొందురని నా మేనల్లుని యాశ. నష్టములును కలవు: అమర్చుట కష్టము, ఏ భాగమునైనను మార్చవలసినచో నీరంతయు తీసి మొదటినుండి విప్పవలయును.

గట్టి గొట్టములలో సామాన్యమైనవి రెండు: పి.ఇ.టి.జి. అనునది యొకటి, ఆక్రిలిక్ మఱియొకటి. మొదటిది కోయునపుడు పగులదు, వంచుట సులభము. కాని సుమారు 80 డిగ్రీలకే మెత్తబడును. అందు 60 డిగ్రీలకు మించిన నీరు పాఱనీయవద్దని తయారుచేయువారిలో పలువురు హెచ్చరింతురు. ఆక్రిలిక్ పెళుసుది, అయినను 100 డిగ్రీల వఱకు తన రూపమును నిలుపుకొనును. చలిదేశములలో ఈ భేదమునకు అంత విలువ లేదు. మన మేడగదిలో గాలియే 42 డిగ్రీలైనచో నీరు 50 దాటును. నాడు ఒక ఫ్యాను ఆగినచో 60 ఎంతో దూరము లేదు. కావున మేము ఆక్రిలిక్‌నే కొంటిమి. గొట్టపు వెలుపలి వ్యాసము 14 మి.మీ.; లోపలి వ్యాసము 10 మి.మీ.

గొట్టములు వంచుట

ఈ పనియం దోర్పు ముఖ్యము. గొట్టమును వంచునపుడు లోపల నొక్కుకొనిపోకుండ, సరిగ పట్టు సిలికోను త్రాటిని సబ్బునీటితో తడిపి గొట్టములోనికి దూర్చవలయును. పిమ్మట వేడిగాలి తుపాకిని కొంత దూరమున నుంచి, గొట్టమును నెమ్మదిగ త్రిప్పుచు వంచవలసినచోటును నాలుగువైపుల సమముగ కాచవలయును. దీనికి అరిసెలపాకమే గురువు. పాకము ముదరకముందు తీసినచో అరిసె నిలువదు. ముదిరిన తరువాత తీసినచో రాయి యగును. గొట్టమును అట్లే: లేతగా వంచిన పగులును, మిక్కిలి కాచిన లోపల బుడగలు పుట్టి మసకయగును. తనంతట తాను కొద్దిగ వ్రాలినప్పుడు వంచి, చెక్కమీద గీచిన గీతకు సరిపెట్టి, చల్లారువఱకు కదల్పక పట్టుకొనవలయును. మాకు కావలసినవి 8 గొట్టములు, పాడైనవి 5. ఆ యైదును మాకు పాఠములు.

గొట్టమును సన్నని పండ్ల ఱంపముతో నిలువుగ కోసి, కోసిన అంచును లోపల వెలుపల అరగదీసి గుండ్రము చేయవలయును. ఫిట్టింగులో దూర్చునపుడు బలము వాడవలసివచ్చినచో కొలత తప్పినట్లే. బలవంతముగ కూర్చిన కీలు నేడు నిలిచినను ఎండకు వ్యాకోచించి రేపు జాఱును.

వేడిగాలి తుపాకి నోటివద్ద వేడి వందలకొలది డిగ్రీలుండును. విద్యార్థులు పెద్దవారి సమక్షముననే, చేతితొడుగులు వేసికొని, కిటికీలు తెఱచిన గదిలో ఈ పని చేయవలయును.

ఆటోనగరు పాఠము

అన్నియు అమర్చితిమి. నీరు పోయుటకు నా మేనల్లుడు తొందరపడుచుండెను. నాకు ధైర్యము చాలలేదు. అప్పు ఇంకను తీఱని యంత్రము; అందు ఇరువురి పెండ్లి వీడియోలు కలవు. మఱునాడు ఆటోనగరునకు పోయి, లారీ రేడియేటరులు బాగుచేయు ఒక వృద్ధ మేస్త్రీని అడిగితిని. ఆయన నా మాట వినుచునే ఒక రేడియేటరును నీటితొట్టెలో ముంచి, దాని మూతులు బిగించి, లోపలికి గాలి కొట్టెను. ఒక మూలనుండి సన్నని బుడగలు వరుసగ పైకి వచ్చెను. “మాస్టారూ, నీళ్లు తరవాత. ముందు గాలి కొట్టండి. గాలి అబద్ధం చెప్పదు” అనెను.

ఆ మాట పట్టుకొని వచ్చి, ఒత్తిడి కొలుచు ముల్లుగల చిన్న చేతిపంపుతో మా గొట్టములలోనికి గాలి నింపితిమి. బయటి వాతావరణపు ఒత్తిడికంటె సగమంత, అనగా 0.5 బారు, అధికముగ నుంచితిమి. ఇంతకు చాల మించినచో తొట్టె పగులును. ముల్లు అరగంట కదలకుండ నిలువవలయును. మా ముల్లు పది నిమిషములలో సగమునకు దిగెను.

అప్పుడు భాగములుగా విడదీసి ఒక్కొక్కదానికి మూతలు బిగించి గాలి కొట్టుచు పోగా, గ్రాఫిక్స్ కార్డు పైనున్న కీలు దోషి యని తేలెను. విప్పి చూడగా రబ్బరు ఉంగరమున గోటిగీతవంటి కోత కనబడెను. ఆ గొట్టపు అంచును అరగదీయకుండ దూర్చినది నేనే. పిల్లలకు “తొందర పనికిరాదు” అని చెప్పు మాస్టరు చేసిన పని యది! గాలికి బదులు నీరు పోసి విద్యుత్తు నిచ్చియుండినచో ఆ నీటిబొట్లు ఇంటనున్న అన్నిటికంటె ప్రియమైన వస్తువుమీద పడియుండెడివి. నా మేనల్లుడు నన్నేమియు ననలేదు. క్రొత్త ఉంగరము నా చేతికిచ్చి, “మీరే వేయుడు, మామయ్యా” యనెను.

అంచు అరగదీసి, ఉంగరము మార్చి, మరల గాలి కొట్టితిమి. ముల్లు కదలలేదు. పిమ్మట కంప్యూటరునకు విద్యుత్తు నీయక, పంపునకు మాత్రమే యిచ్చి, కొంచెము కొంచెముగ నీరు పోసితిమి. ప్రతి కీలుక్రింద తెల్లని కాగితము పఱచితిమి. పెట్టెను అటునిటు వంచుచు గాలిబుడగలను వెడలగొట్టితిమి. ఒక పగలు, ఒక రాత్రి అట్లే నడిపితిమి. కాగితము లన్నియు పొడిగనే యుండెను. అప్పుడే కంప్యూటరునకు విద్యుత్తు నిచ్చితిమి.

గది చెప్పిన మిగిలిన పాఠము

ఆ రాత్రి నిలిచిపోయిన పెండ్లి వీడియోను పనికి పెట్టితిమి. మొదట గదిలో 33 డిగ్రీలు, నీటిలో 43, ప్రాసెసరునందు 73. మా సంతోషమునకు మేర లేదు. దోమల భయముచే కిటికీలు మూసి కూర్చుంటిమి. వేగము తగ్గక, పని 4 గంటలకు ముగిసెను; కాని ముగియునప్పటికి ప్రాసెసరు 80 డిగ్రీలు చూపుచుండెను. నీరు 50. ఎక్కడ దోషమని గొట్టములన్నియు తడవి చూచితిమి. తుదకు గోడనున్న ఉష్ణమాపకమును చూచితిని: గదిలో 40.

మూడును సరిగ 7 డిగ్రీల చొప్పుననే పెరిగినవి. మా యేర్పాటులో లోపమేమియు లేదు. నీరు వేడిని చక్కగ మోసి గదిలో దింపెను. గదినుండి మోయువారే లేరు. ఇబ్రహీంపట్నమున నది చేయు పని మా గదిలో ఎవరును చేయుట లేదు. మఱునాడు కిటికీకి దోమల జాలి బిగించి, ఎదుటి గోడ పైభాగమున గాలిని బయటికి తోయు ఫ్యాను పెట్టించితిమి. నాటినుండి భారమైన పనులను వెలుపల చల్లబడిన తరువాత రాత్రివేళ నడుపుచున్నాడు. గది 34 దాటుట లేదు. ప్రాసెసరు 74 దాటుట లేదు. వేలు పోసిన రాగి దిమ్మెలు చేయలేని మిగిలిన పనిని ఆ చవుక ఫ్యాను చేసెను.

ప్రక్కయింటి బాలుడొకడు ఇది విని, “తొట్టెలో ఐసు వేయరాదా?” అని యడిగెను. తెలివిగల ప్రశ్నయే. ఐసునీటి గ్లాసునకు వెలుపల బొట్లు పట్టుట మీరందఱు చూచినదే. ఆ నీరు గ్లాసులోనిది కాదు, గాలిలోని తేమ. మన డెల్టా గాలిలో తేమ అధికము. గొట్టములను గదికంటె మిక్కిలి చల్లబఱచినచో వాటిమీదను అట్లే బొట్లుపట్టి విద్యుత్పలకలమీద పడును. లోపలి కీళ్లన్నియు గట్టిగ నున్నను బయటనుండి నీరు వచ్చును! కావున గదిగాలికంటె చల్లబఱపలేకపోవుట యీ యేర్పాటునకు లోపము కాదు, రక్షణ.

ఉపసంహారము

ఇట్టి యంత్రమును సంవత్సరమున కొకమాఱు విద్యుత్తు తీసివేసి, నీరు మార్చి, రేడియేటరు దుమ్ము దులిపి, కీళ్లను పరీక్షింపవలయును. అంత శ్రద్ధ లేనివారు ఫ్యానుతో తృప్తిపడుటయే మేలు.

విద్యార్థులారా, మీలో ననేకులు ఇట్టి యేర్పాటును ఎన్నడును చేయకపోవచ్చును. అయినను మీ యింట వేడెక్కు వస్తువును చూచినప్పుడెల్ల రెండు ప్రశ్నలు వేసికొనుడు. ఈ వేడి ఎక్కడ పుట్టుచున్నది? తుదకు ఎక్కడికి పోవుచున్నది? మొదటి ప్రశ్నకు జవాబు చెప్పువారు పలువురు. రెండవదానికి చెప్పగలవారే పనిని పూర్తిగ నెఱిగినవారు. మేము రాగి, ఆక్రిలిక్, స్వేదనజలము కొని, వారము దినములు శ్రమపడి, తుదకు ఒక కిటికీ తెఱచినప్పుడే ఆ రెండవ జవాబును నేర్చుకొంటిమి.

పెండ్లికూతురి తండ్రి మఱునాటి యుదయమే వచ్చి తన వీడియోను తీసికొనిపోయెను. గాజుపలక వెనుక మెఱయుచున్న గొట్టములను చూచి, “ఇందులో నీళ్లా?” అని ఆశ్చర్యపడెను. “అవునండి” అని నా మేనల్లుడు పొంగిపోయెను. నేను మాత్రము క్రొత్తగ అరగదీసిన ఆ యొక్క కీలువైపు మఱియొకమాఱు చూచుకొంటిని. పొడిగనే యుండెను.